తొమ్మిది లిల్లీ దుంపలు

ఫిబ్రవరి 12
కొండమీద వాతావరణ కేంద్రం

వదినకి,

ఈ ఉత్తరం అందేసరికి మొలకలు బయటికి వచ్చే ఉండాలి. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి రాయి. "బాగానే ఉన్నాయి" అని రాస్తే ఒప్పుకోను. ఇక్కడ రోజుకి నాలుగుసార్లు వాన ఎంత పడింది, గాలి ఎటు వీచింది అని అంకెలు రాసీ రాసీ, అంకె లేని మాట నా చెవికెక్కడం మానేసింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఇక్కడున్న ఒక్క ఫోనూ పై ఆఫీసుకి లెక్కలు చెప్పడానికే. సొంత కబుర్లు చెబుతూ దొరికితే మా పెద్దసారు ముఖం వారం దాకా చూడలేం. సరుకుల బండి మంగళవారం వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే వస్తాయి, దాంట్లోనే వెళ్తాయి. నువ్వు ఇవాళ అడిగినదానికి నా జవాబు పది రోజులకి గాని అందదు. అందుకే అన్నీ ముందే చెబుతున్నా, విసుక్కోకుండా చదువు.

గోడవార మడిలో ఉన్నవి పూలకొట్లో కట్టలు కట్టి అమ్మే సన్న లిల్లీలు కావు. నడుము దాకా ఎదిగి బూరలంత పూలు పూసేవి. రెండు రకాల పుప్పొడి కలిపి నేనే పుట్టించిన మొక్క అది. ఒక్క గింజ మొలిచి పూసేసరికి నాలుగేళ్లు పట్టింది. ఆ దుంప పొలుసులు విడదీసి తొమ్మిది దుంపలు చెయ్యడానికి ఇంకో మూడేళ్లు. తెల్లటి రేకు, గొంతులో లేత పసుపు, అంచు వెంట గులాబి గీత. ఇంకెక్కడా లేదు ఆ పువ్వు.

నర్సరీ పెద్దాయన కిందటేడు ఆ పువ్వు చూసి ఏమన్నాడో నీకు తెలుసు. సెప్టెంబరులో ఆకులు ఎండాక వస్తాడు. తొమ్మిది దుంపలూ తీసుకుని, వాటిని పెంచే ఉద్యోగం నాకే ఇస్తాడు. అది జరగకపోతే నా ఏడాది గడువు ముగిసే సెప్టెంబరు ముప్పైన ఇక్కడ ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టాలి. పని లేకుండా వచ్చి అన్నయ్య ఇంట్లో కూర్చోను, ఆ మాట నీతో చెప్పే బయల్దేరాను.

మట్టి వేలితో తాకి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి. ఉల్లిపాయకైనా పైన ఎండు పొర ఉంటుంది, దీనికి అదీ లేదు. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. ఆ మడి మీద కుట్టుగది పెంచుతానని క్రితం ఏడు అన్నావు. సెప్టెంబరు దాకా ఆ ఆలోచన మూటకట్టి అటక మీద పెట్టు.

నీ మరదలు


ఫిబ్రవరి 23

మరదలు పిల్లకి,

తొమ్మిది. గోడ చివరిది నాలుగు వేళ్ల ఎత్తు, మధ్యవి మూడు వేళ్లు, గేటు వైపుది ఇప్పుడే ముక్కు బయటపెట్టింది. అంగుళాల్లో కావాలంటే చెప్పు, టేపు నా మెడలోనే ఉంటుంది. ఆ చేత్తోనే ఆకులకి కూడా కొలతలు తీసి గౌన్లు కుట్టేస్తాను.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "నన్నెలా ఉన్నావని ఒక్క ముక్క అడిగిందా" అన్నాడు. లేదన్నాను. "లిల్లీగా పుట్టాల్సింది" అని బస్సు డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇప్పుడు పాత రూటు మార్చి ఆస్పత్రి రూటు వేశారు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరూ మూలుగుతూనే ఉంటారట, ఇంటికొచ్చి తనూ మూలుగుతాడు.

స్కూలు యూనిఫారాలు మొదలయ్యాయి. గది నిండా నీలం గుడ్డ, కాలు పెట్టే చోటు లేదు. అయినా నీ అటక మీద మూట దించనులే.

నువ్వు వెళ్లిన నెలకి ఆ మడి దగ్గర నేనొక పని చేశాను. ఏంటో చెప్పను. జూన్‌లో నువ్వు సెలవు మీద వస్తావు కదా, అప్పుడు నీ కళ్లతో చూద్దువు గాని. చూశాక నన్ను తప్పకుండా మెచ్చుకుంటావు.

వదిన


మార్చి 6

వదినకి,

జూన్‌లో సెలవు ఇచ్చేది లేదన్నారు. వానాకాలం ముందు ఎవర్నీ కదలనివ్వరట.

నువ్వు చేసిన పని ఏంటో నాకు తెలిసిపోయింది. ఈ బండిలోనే అన్నయ్య కార్డు కూడా వచ్చింది. ఆరోగ్యం, చలి, బస్సు అన్నీ రాసి చివర "మేస్త్రి వచ్చి పెరడు కొలుచుకుని వెళ్లాడు" అని రాశాడు. నీకైతే దాచడం వచ్చు, అన్నయ్యకి రాదు.

కుట్టుగదికి పునాది తీయించావా, లేక తీయించబోతున్నావా? లిల్లీకి కాడ నుంచి కూడా వేళ్లు వస్తాయి, మడి పక్కన గునపం పడితే చాలు, ఏడేళ్ల పని పోతుంది. నీకు గది కావాలి, నేను కాదనను. ఆ ఆరు నెలలు ఆగలేకపోయావా? నేను వెళ్లిన నెలకే మొదలుపెట్టావంటే, నేను ఎప్పుడు వెళ్తానా అని చూశావన్నమాట. పైగా మెచ్చుకుంటానట.

నా మీద నీకున్న విసుగు మొక్కల మీద చూపించకు. అంతకన్నా అడగడానికి నాకేమీ లేదు.

మరదలు


ఏప్రిల్ 10

మరదలికి,

నెల రోజులు జవాబు రాయలేదు. కోపంతో రాస్తే ఏం రాస్తానో నాకే తెలియదు కాబట్టి రాయలేదు.

మేస్త్రి వచ్చింది వంటగది వెనక కాలవకి. అది పొంగి నీళ్లు నీ మడి వైపే పోతుంటే, నేనే పిలిపించి రెండు అడుగులు అవతలికి తిప్పించాను. పని జరిగిన రెండు రోజులూ నేను మిషను కట్టేసి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను, గునపం నీ మొక్కల వైపు రాకుండా. మీ అన్నయ్యకి రాయడానికి మేస్త్రి కనబడ్డాడు గాని స్టూలు మీద నేను కనబడలేదు.

ఎప్పుడు వెళ్తావా అని చూశానా? నువ్వు వెళ్లిన రోజు నీ గదిలో దుప్పటి మడత పెట్టలేక అలాగే వదిలేశాను. మూడు వారాలు అలాగే ఉంది. ఈ సంగతి నీకు చెప్పాలనుకోలేదు, నువ్వే చెప్పించావు.

నేను చేసిన పని ఏంటో ఇప్పుడు అసలు చెప్పను.

మొక్కలు మోకాలి ఎత్తు దాటాయి. ఒక్క మాట అడగాలి. గోడ వైపు నుంచి మూడోదాని ఆకుల మీద లేత చారలు వచ్చాయి. నీరసమా? ఎరువు ఏమైనా వెయ్యాలా?

వదిన


ఏప్రిల్ 21

వదినా,

మేస్త్రి సంగతి తప్పు నాదే. ఇంకోసారి సావకాశంగా క్షమాపణ చెప్పుకుంటాను. ఇప్పుడు ఆకుల సంగతి చూడు, ఆలస్యం చెయ్యకు.

ఒక ఆకు కోసి వెలుతురుకి ఎదురుగా పట్టుకో. ఆకంతా పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తక్కువైనట్టు, దానికి మందుంది. అలా కాకుండా పొడుగునా లేతా ముదురూ చారలు కలిసిపోయి ఉంటే, ఆకు మెలితిరిగితే, అది వైరస్. దానికి మందు లేదు. పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకోదాని మీద వాలితే చాలు, అంటుకుంటుంది. ఒకసారి దుంపలోకి దిగితే ఆ దుంప నుంచి వచ్చే పిల్లలన్నిటికీ ఉంటుంది.

ఇంకొకటి చూడు. మన వీధిలో ఎవరింట్లోనైనా నారింజ రంగు మీద నల్ల మచ్చలుండే లిల్లీ ఉందా? ఆ జాతి తెగులు మోస్తుంది, తనకి మాత్రం పైకి ఏమీ తెలియదు. పచ్చగా, నిగనిగలాడుతూ పూస్తుంది, పక్కవాటిని తినేస్తుంది. అందుకే తెలిసినవాళ్లెవరూ దాన్ని ఇంకో లిల్లీ దగ్గరికి రానివ్వరు. ఇది నీకు ముందే చెప్పాల్సింది. నీకు ఇలాంటివి విసుగని చెప్పలేదు.

చూసి వెంటనే రాయి. పదిరోజులు నేను అన్నం ఎలా తింటానో నాకే తెలియదు.

మరదలు


మే 3

మరదలికి,

వీధంతా తిరిగి చూశాను. మచ్చల లిల్లీ ఎవరింట్లోనూ లేదు.

ఆకు వెలుతురులో పెట్టి చూశాను. నాకు సరిగ్గా తెలియలేదు. పచ్చగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నా కళ్లు దారం ఎక్కించడానికే సరిగ్గా ఆనడం లేదు. నువ్వు కంగారు పడకు. అన్నం తిను.

యూనిఫారాలు ఇంకా నలభై ఉన్నాయి. ఇంతకన్నా రాయలేను.

వదిన


మే 16

బంగారు వదినకి,

ఇన్నాళ్లకి ఊపిరి పీల్చుకున్నాను. మచ్చల లిల్లీ చుట్టుపక్కల లేదంటే తెగులు రావడానికి దారే లేదు. అది ఇనుమే. పాకెట్టు మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి మొదట్లో పొయ్యి, రెండు వారాల్లో తేరుకుంటుంది.

ఆ సంతోషంలో నర్సరీ పెద్దాయనకి రాసేశాను, తొమ్మిదీ బాగున్నాయని, మా వదిన పిల్లల్లా చూసుకుంటోందని. ఆయన జవాబు కూడా వచ్చింది. లిల్లీల కోసం ఒక పక్క కొత్తగా నీడ పందిరి వేయిస్తున్నాడట. ఆయన దగ్గర ఇప్పటికే ఆరు వేల దుంపలున్నాయి, వాటి బాధ్యత కూడా నాకే అప్పగిస్తాడట.

మా వంటాయన ఒకాయన ఉన్నాడు, ఇక్కడ ఏది వండినా ఒకే రుచి తెప్పించగల మనిషి. ఆయన ఇల్లు నర్సరీకి రెండు వీధుల అవతలేనట. "నువ్వు దిగితే నీతో పాటు నేనూ దిగిపోతానమ్మా" అంటున్నాడు. అందరం ఆపుతున్నట్టు నటిస్తున్నాం.

నువ్వు ఆ మడి దగ్గర చేసిన పని ఏంటో ఇప్పటికైనా చెప్పవచ్చు కదా. నేను అన్నమాటలు వెనక్కి తీసుకున్నాను. మొగ్గలు వచ్చాయా?

నీ మరదలు


జూన్ 4

మరదలా,

కూర్చుని చదువు.

వీధిలో మచ్చల లిల్లీ లేదని రాశాను. వీధిలో లేదు, నిజమే. మన ఇంట్లో ఉండేది. నేనే తెచ్చి పెట్టాను.

నువ్వు వెళ్లిన నెలకి, నా దగ్గర బట్టలు కుట్టించుకునే డాక్టరమ్మ వాటిని తీసుకోవడానికి వచ్చింది. మాటల్లో నీ లిల్లీల గురించి చెప్పాను. మర్నాడు నల్ల మచ్చల నారింజ లిల్లీ దుంపలు ఐదు కాగితంలో చుట్టి పంపింది. అన్నీ తెల్లవే ఎందుకు, మధ్యలో ఒక రంగు ఉంటే బాగుంటుందనుకున్నాను. గుడ్డ కుట్టేదాన్ని కదా, తెలుపు పక్కన నారింజ పెడితే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుందని నాకు తెలుసు. నీ తొమ్మిదింటి మధ్య ఖాళీల్లో ఐదూ నాటాను. నేను దాచిన పని అదే. జూన్‌లో వచ్చి నువ్వు ఆశ్చర్యపోవాలని.

ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం చదవగానే ఆ తెగులు తెచ్చింది నేనేనని తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చేతులు రాలేదు. సాయంత్రమే ఆ ఐదూ పీకేశాను, తొట్టిలో ముంచి ఎందుకూ పనికిరాకుండా చేశాను. ఆకుల మీద పేనుబంకని రోజూ గుడ్డతో తుడిచాను. చారలు తగ్గుతాయేమోనని చూశాను. తగ్గలేదు. మే అంతా ఒక్కొక్క మొక్కకీ పాకాయి.

నిన్న పూలు విచ్చాయి. ఏడు మొక్కల పూలకి అంచున ఉండే గులాబి గీత తెగి, రేకంతా మరకలు మరకలుగా పాకింది. రెండు మాత్రం నువ్వు చెప్పినట్టే ఉన్నాయి. వాటి ఆకుల మీదా సన్నగా చారలున్నాయి.

"బంగారు వదిన" అన్నావు. ఆ ఉత్తరం నేను రెండోసారి చదవలేదు.

వదిన


జూన్ 14

వదినకి,

చదివాను.

ఇప్పుడు ఎవరిని అని ఏం లాభం. ఏప్రిల్‌లో చెప్పి ఉంటే ఐదో ఆరో మిగిలేవేమో, మిగిలేవి కావేమో. నాకు తెలియదు. నర్సరీ పెద్దాయనకి నా చేత్తో రాశాను, తొమ్మిదీ బాగున్నాయని. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటే నేను ఇక్కడే ఉంటాను, ఇంకో మూడేళ్లు, ఈ పొగమంచులో, ఈ నలుగురి ముఖాలు చూస్తూ.

ఒక దారి ఉంది. ఆయన పూలప్పుడు రాడు, సెప్టెంబరులోనే వస్తాడు. అప్పటికి ఆకులుండవు. ఉత్త దుంపని చూసి తెగులుందని ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే. నువ్వు కాడలు మొదలంటా కోసెయ్యి. దుంపలు తవ్వి తడి రంపపు పొట్టులో పెట్టి ఇవ్వు. ఆయన ఆకుల గురించి అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. పచ్చగా ఉన్నాయని చెప్పు. పువ్వు కిందటేడులాగే పూసిందని చెప్పు.

నేను చెప్పలేను, నేను అక్కడ లేను. నువ్వే చెప్పాలి. నువ్వు చేసిందానికి నేను నిన్ను అడుగుతున్నది ఇదొక్కటే.

మరదలు


జూన్ 27

మరదలికి,

చెబుతాను.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆయన దగ్గర ఆరు వేల దుంపలున్నాయని నువ్వే రాశావు. నీ తొమ్మిదీ వాటి పక్కకి వెళ్తే ఏమవుతుందో నాకిప్పుడు తెలుసు, నీకంతకన్నా ముందే తెలుసు. వాటిని చూసుకునేది కూడా నువ్వే కదా. రోజూ వాటి మధ్య ఎలా తిరుగుతావు?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు. చెబుతానని అన్నాను, చెబుతాను. నీకు బాకీ ఉన్నాను. మీ అన్నయ్యకి ఇవేమీ తెలియవు. "లిల్లీలెలా ఉన్నాయి" అంటే "బాగున్నాయి" అంటున్నాను. ముందుగా ఇంట్లోనే అలవాటు చేసుకుంటున్నాను.

వదిన


సెప్టెంబరు 1

వదినా,

రెండు నెలలు నీ ప్రశ్నకి జవాబు రాయలేదు. వానలు, పని అని చెప్పొచ్చు. అది కాదు.

మొన్న ఇక్కడ ఒకటి జరిగింది. కొత్తగా వచ్చిన పరిశీలకుడు పొద్దున్న నిద్ర లేవలేక ఆరింటి వాన లెక్క తప్పిపోయాడు. ముందుదీ తరవాతదీ చూసి మధ్యలో ఒక అంకె వేసేశాడు. నేను పట్టుకున్నాను. చూడనిది రాయకూడదు, గడి ఖాళీగా వదిలి "చూడలేదు" అని రాయాలి, ఇక్కడ మొదటి రోజు నేర్పేది అదే. అందరి ముందూ అరిచాను. "నీ అంకె నమ్మి కింద ఎవడో పడవ వదులుతాడు" అన్నాను. అతను తలొంచుకుని, "సరిగ్గానే ఉండొచ్చు కదండీ" అన్నాడు. వదినా, సరిగ్గా అదే మాట నాలో నేను రెండు నెలలుగా అనుకుంటున్నాను. రెండు దుంపలు బాగానే ఉండొచ్చు కదా అని, ఆరువేలకి అంటకపోవచ్చు కదా అని. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

నర్సరీ పెద్దాయనకి జరిగిందంతా రాశాను. నీ తప్పుగా రాయలేదు, మా మడిలో తెగులు వచ్చిందని రాశాను. బండి కోసం ఆగితే ఆయన ముందే వచ్చేస్తాడని, సెలవు మీద దిగుతున్న వంటాయన చేతికి రెండు ఉత్తరాలూ ఇచ్చాను. ఒకటి ఆయనకి, ఇది బస్సు డిపోలో అన్నయ్యకి ఇవ్వమని.

ఆయన వస్తే నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు. నిన్ను అలా అడిగినందుకు నాకు సిగ్గుగా ఉంది.

అన్నీ కాల్చెయ్యి. ఒక్కటి మాత్రం, పూసినప్పుడు బాగున్న రెండింట్లో ఒక్కటి, కుండీలో నాటి దూరంగా ఎక్కడైనా ఉంచు. ఎవరికీ ఇవ్వను. ఊరికే చూసుకోవడానికి.

మరదలు


సెప్టెంబరు 9

మరదలికి,

నర్సరీ పెద్దాయన శనివారం వచ్చాడు. నీ ఉత్తరం నాకు ఆదివారం అందింది. మధ్యలో నాలుగు రోజులు అది మీ అన్నయ్య డ్యూటీ చొక్కా జేబులో ఉంది. "ఇస్తాననే అనుకున్నాను, ఇచ్చాననుకున్నాను" అన్నాడు. నేను మీ అన్నయ్యతో ఇంకా మాట్లాడటం లేదు.

శనివారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. కుట్టుగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. గోళ్లలో మట్టి, మెత్తటి మాట. సంచి ముందు పెట్టాను. ఒక దుంప తీసి, పొట్టు దులిపి, అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ పెట్టేశాడు.

"ఈ ఏడు ఆకులెలా ఉన్నాయమ్మా?" అన్నాడు.

"పచ్చగా ఉన్నాయండీ."

"చారలేమైనా కనిపించాయా?"

"లేదండీ."

"పువ్వు?"

"కిందటేడులాగే, అంచున గులాబి గీతతో," అన్నాను. ఆ గీత ఎంత సన్నగా ఉందో వేలితో గాలిలో గీసి చూపించాను కూడా. అంత బాగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

ఆయన సంచి మూతి కట్టి నా వైపు జరిపాడు. తరవాత, "మీ మరదలు నాకు ఉత్తరం రాసిందమ్మా. బుధవారం అందింది," అన్నాడు. "వీటిని తీసుకెళ్లడానికి రాలేదు. చుట్టుపక్కల తోటలున్నాయి కదా, ఎలా పారెయ్యాలో చెప్పి పోదామని వచ్చాను."

"మరి ఇవన్నీ ఎందుకడిగారు?" అన్నాను.

"మీరే చెబుతారేమోనని."

కాల్చమన్నాడు. మూడేళ్లు ఆ మడిలో లిల్లీ ఏదీ వెయ్యొద్దన్నాడు. ఈ ఇంటి నుంచి ఒక్క మొక్క కూడా తన గేటు దాటకూడదన్నాడు. నీ ఉద్యోగం సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు, ఆయన చెప్పలేదు. నేనిచ్చిన టీ తాగకుండానే వెళ్లాడు.

నాకు నీ మీద కోపంగా ఉంది. నన్ను అబద్ధం చెప్పమన్నావు, చెప్పాను. వెనక నుంచి నువ్వు నిజం చెప్పేసి మంచిదానివయ్యావు. ఆయన దృష్టిలో ఈ ఇంట్లో దొంగని నేనొక్కదాన్నే. డాక్టరమ్మ దుంపలు నాటినందుకు ఎంత ఏడ్చానో అంతకన్నా ఎక్కువ ఏడ్చాను శనివారం. నువ్వు మనసు మార్చుకున్నావు, మంచిదే, మార్చుకునేముందు నన్ను ఆ స్టూలు ముందు నిలబెట్టి పోయావు.

ఎనిమిది దుంపలు ఆయన చెప్పినట్టే కాల్చాను. ఒకటి కుండీలో ఉంది, నువ్వడిగినట్టు.

వదిన


సెప్టెంబరు 19

వదినా,

నువ్వు రాసింది మొత్తం నిజం. ఒక్క మాట కూడా కాదనను.

సంతకం పెట్టలేదు. పెద్దసారు మూడుసార్లు కాగితం నా ముందు పెట్టాడు. ఒకటో తారీకు మంగళవారం, సరుకుల బండిలో దిగుతున్నాను. ఉద్యోగం లేకుండా అన్నయ్య ఇంటికి రానని బిగుసుకుని కూర్చోబట్టే నిన్ను అలాంటిది అడిగాను. ఆ బిగువు ఇంక నాకు లేదు.

ముందు ఇంటికి రాను. బండి నర్సరీ మీదుగానే వస్తుంది, అక్కడ దిగి ఆయన ముందు నిలబడతాను. మా వదిన చెప్పిన అబద్ధం నాది, నేను రాసిచ్చాను, ఆమె చదివిందంతే అని చెబుతాను. ఉద్యోగం అడగను. నీ పేరు కడిగి ఆ తరవాత ఇంటికి వస్తాను. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం.

కుండీలో దాన్ని గోడ నీడలో పెట్టు. ఇంటికి రావడానికి నాకు మిగిలింది అదొక్కటే అనిపిస్తోంది.

మరదలు


సెప్టెంబరు 26

మరదలా,

ఈ ఉత్తరం నువ్వెక్కే బండిలోనే వస్తుంది. ఎక్కే ముందు చదువు.

నర్సరీ దగ్గర దిగకు. అబద్ధం చెప్పిన నోరు నాది. నువ్వు రాసిచ్చావు నిజమే, గాలిలో గీత గీసి చూపించమని నువ్వు రాయలేదు. నేను ఇంట్లో ఉండగా నా తరపున ఇంకొకరు వెళ్లి క్షమాపణ చెప్పడమేంటి, నాకేమైనా జ్వరమా. తిన్నగా ఊళ్లోకి రా. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్దాం. నీ మాట నువ్వు చెప్పు, నా మాట నేను చెబుతాను. ఆయన ఏమంటే అది పడదాం.

కుండీలో దుంప లేదు. నిన్న తవ్వి తీసి కాల్చేశాను.

రోజూ పొద్దున్న దాన్ని చూశాను. నువ్వొస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. నీళ్లు పోస్తావు, ఫిబ్రవరిలో మొలక వస్తుంది, ఈసారి ఆకులు బాగానే ఉన్నట్టున్నాయి వదినా అంటావు. నేను అవునంటాను. ఇంక ఒక పొలుసు తీసి చూద్దాం అంటావు. నీకు కాదని చెప్పడం నాకు రాదు, ఈ ఏడు తెలిసింది కదా. నువ్వొచ్చాక అయితే నువ్వూ కాల్చలేవు, నీ ముఖం చూస్తూ నేనూ కాల్చలేను. అందుకని నువ్వు లేనప్పుడే కాల్చాను. ఏడేళ్ల నీ పువ్వుకి చివరి దుంప అదేనని తెలిసే కాల్చాను.

ఇంటికి రావడానికి అదొక్కటే మిగిలిందన్నావు. అది కూడా లేదు ఇప్పుడు. అయినా రా.

మంగళవారం మిషను తెరవను. బండి ఆగే చోట నిలబడి ఉంటాను. నన్ను చూడగానే తిట్టాలనిపిస్తే అక్కడే, నలుగురి ముందే తిట్టు. ఇంటిదాకా ఆగక్కర్లేదు. తిట్టించుకోవడానికే వస్తున్నాను.

వదిన